డెడ్ కిలోమీటర్ల లెక్క

ట్యాంకులో పట్టేది 120 లీటర్లు. పందెం గంటన్నర. ఒక్కో ల్యాపుకి పట్టే సమయం 2 నిమిషాల 20 సెకన్లు. ల్యాపుకి తాగేది మూడున్నర లీటర్లు. మధ్యలో ఆగాలా, అక్కర్లేదా? ఆగితే ఎప్పుడు?

ఏడో తరగతి లెక్కల పరీక్షలో ప్రశ్న అనుకునేరు! కాదు. గోపాలపట్నంలో, సింహాచలం స్టేషన్ దాటిపోయే గూడ్సుబళ్ల కూత వినపడే ఓ రెండు గదుల ఇంట్లో, పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టు దిగి వచ్చిన పాతికేళ్ల కుర్రాడు రాత్రిపూట పాత క్యాలెండరు వెనక కట్టే లెక్క ఇది. అతనికి కారు లేదు. బైకుంది, అదీ వాయిదాల మీద కొన్నది. కానీ వారానికోసారి బెల్జియంలోని స్పా ట్రాకు మీద ఇటలీ కారు తోలతాడు. కంప్యూటర్లో.

సిమ్ రేసింగ్ అంటారు దీన్ని. వీడియోగేమే కదా అని తీసిపారేయడానికి లేదు. ట్రాకుల్ని లేజర్ కిరణాలతో అంగుళం అంగుళం కొలిచి, గతుకులతో సహా కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. టైరు అరుగుతుంది, వేడెక్కుతుంది, చల్లారుతుంది. పెట్రోలు ఖర్చయిన కొద్దీ కారు తేలికై వేగం పుంజుకుంటుంది. ప్లేస్టేషన్‌లో ఆడుతూ 2011లో నిస్సాన్ వాళ్ల జీటీ అకాడమీ పోటీ గెలిచిన జాన్ మార్డెన్‌బరో అనే కుర్రాడు, 2013లో నిజం కారెక్కి లె మాన్ 24 గంటల రేసులో పాల్గొన్నాడు. కరోనా వల్ల 2020 జూన్లో లె మాన్ వాయిదా పడితే, అదే నెల 13, 14 తేదీల్లో ఆ రేసును కంప్యూటర్ల మీదే నడిపారు. 50 కార్లు, 200 మంది డ్రైవర్లు. ఎవరిళ్లలో వాళ్లు కూర్చునే!

గోపాలపట్నం కుర్రాడికి ఈ పిచ్చి పట్టింది కూడా ఆ లాక్‌డౌన్ రోజుల్లోనే. ఎవరో వాడేసిన స్టీరింగూ పెడళ్లూ కొన్నాడు. చదువుకునే బల్లకి స్టీరింగు బిగించాడు. పెడళ్లు వెనక్కి జారకుండా గోడకి చెక్క అడ్డం పెట్టాడు. సరే, అతని సంగతి అతనిది. చిక్కంతా పక్క గదిలో ఉన్న తండ్రితో వచ్చింది.

తండ్రి ఆర్టీసీ డ్రైవరు. రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లకు పైగా స్టీరింగు పట్టిన మనిషి. సిటీ బస్సులు తోలారు, అరకు సర్వీసుకీ వెళ్లారు. గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి దిగడం ఆయనకి పెరట్లోకి వెళ్లి రావడమంత తేలిక. రిటైరయ్యాక సుగరు వల్ల చూపు మందగించింది. స్కూటరు కూడా అమ్మేశారు. తెల్లారగట్ల నాలుగింటికి మెలకువ మాత్రం అలాగే వస్తుంది. లేచి, ఎక్కడికీ వెళ్లక్కర్లేదని గుర్తొచ్చి, అరుగు మీద కూర్చుంటారు.

అలాంటాయనకి కొడుకు కదలని కుర్చీలో కూర్చుని చెమటలు కక్కుతూ స్టీరింగు తిప్పడం చూస్తే ఎలా ఉంటుంది?

''బండి లేదు, రోడ్డు లేదు, ఎక్కే జనం లేరు. ఎక్కడికి తోల్తన్నావురా?'' అనేవారు. కొడుకు జవాబు చెప్పేవాడు కాదు. చెవులకి హెడ్‌ఫోన్సు. ఇలా రెండేళ్లు గడిచాయి. ఇద్దరూ డ్రైవింగు తప్ప ఇంకేదీ పట్టని మనుషులే. ఒకే ఇంట్లో ఉంటూ డ్రైవింగు గురించి ఒక్క మాటా అనుకోలేదు.

ఇక్కడ మొదటి లెక్క దగ్గరికొద్దాం. గంటన్నరంటే 5,400 సెకన్లు. 140 సెకన్లకో ల్యాపు చొప్పున 39 ల్యాపులవుతాయి. మూడున్నర లీటర్ల చొప్పున 136 లీటర్ల 500 మిల్లీలీటర్లు కావాలి. ట్యాంకు చాలదు. అంటే ఓసారి ఆగాల్సిందే. పిట్ లేనులోకి రావడం, పెట్రోలు పోయించుకుని టైర్లు మార్చుకోవడం, తిరిగి ట్రాకెక్కడం అన్నీ కలిపి ఓ నిమిషం పోతుందనుకుందాం.

మరి ఆగకుండా వెళ్లాలంటే? ల్యాపుకి దాదాపు 425 మిల్లీలీటర్లు మిగల్చాలి. రెండు గ్లాసుల మంచినీళ్లంత. దానికో కిటుకుంది. మలుపు వస్తోందనగా, బ్రేకు తొక్కాల్సిన చోటికి ఇంకా దూరముండగానే యాక్సిలరేటరు వదిలేసి బండిని ఊపు మీద పోనివ్వడం. అలా చేస్తే ల్యాపుకి సెకనున్నర నష్టమనుకోండి. 39 ల్యాపులకి 58 సెకన్ల 500 మిల్లీసెకన్లు. ఆగితే నిమిషం పోతుంది, ఆగకపోతే యాభై ఎనిమిదిన్నర సెకన్లు పోతాయి. తేడా సెకనున్నర! గంటన్నర పందెం ఈ సెకనున్నర మీద తేలుతుంది.

లెక్క ఇంతటితో అవలేదు. ఆగినవాడికి కొత్త టైర్లొస్తాయి. ఆగనివాడు పాత టైర్లనే చివరిదాకా కాపాడుకోవాలి. ముందున్నవాడికన్నా ఒక ల్యాపు ముందే పిట్‌లోకి వెళ్లి, కొత్త టైర్ల పట్టుతో దూసుకుపోయి, అతను ఆగి వచ్చేసరికి దాటేయడం ఒక ఎత్తు. అండర్‌కట్ అంటారు. చలి ఎక్కువై కొత్త టైర్లు వేడెక్కడానికి ల్యాపు పడితే అది బెడిసికొడుతుంది. అప్పుడు ఆలస్యంగా ఆగినవాడిదే పైచేయి. ఎన్నిసార్లు ఆగినా గెలిచేవాళ్లూ ఉన్నారు. 1998 హంగరీ గ్రాండ్ ప్రిలో మెక్‌లారెన్లు ముందుంటే, ఫెరారీ వ్యూహకర్త రాస్ బ్రాన్ అప్పటికప్పుడు మూడుసార్లు ఆగే పథకానికి మారారు. 19 ల్యాపుల్లో 25 సెకన్లు సంపాదించు అని షుమాకర్‌కి చెప్పారు. ఆయన సంపాదించాడు. గెలిచాడు. ఫార్ములా వన్‌లో 2010 నుంచి మధ్యలో ఇంధనం పోయడం నిషేధించారు గానీ, టైర్ల లెక్కలు ఇప్పటికీ అంతే.

మన కుర్రాడు ఆగకుండా వెళ్దామనుకున్నాడు. ట్యాంకు నిండా నింపాడు. 39 ల్యాపులూ గ్లాసులు కొలిచినట్టే తోలాడు. ఆగినవాళ్లంతా వెనకబడ్డారు. ఆఖరి ల్యాపులో మూడో స్థానం. అతని లీగులో అంత ముందుకి ఎప్పుడూ రాలేదు. పైగా రాబోయే ఆరు గంటల రేసుకి ముగ్గురి జట్టులో చోటు దొరకాలంటే ఆ మూడో స్థానమే ఆధారం. కెమ్మెల్ అనే పొడవాటి దారి చివర ఇంజను రెండుసార్లు దగ్గింది. ఆగిపోయింది. పెట్రోలు లేదు.

ఆ రాత్రి హెడ్‌ఫోన్సు బల్ల మీద విసిరికొట్టిన చప్పుడికి తండ్రి లేచి వచ్చారు. తెర మీద గడ్డి పక్కన ఆగిన కారుంది. ఆయన కాసేపు చూశారు.

''ఏటైందిరా?''

''ఆయిల్ అయిపోయింది నాన్నా.'' ఆర్టీసీ వాళ్లింట్లో డీజిలైనా పెట్రోలైనా ఆయిలే.

''లెక్క కట్టుకోలేదా?''

కొడుకు క్యాలెండరు కాగితం చూపించాడు. ఆయన కళ్లజోడు తెచ్చుకుని, అంకెల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చారు. ట్రాకు పొడవు ఏడు కిలోమీటర్లనీ, ల్యాపుకి మూడున్నర లీటర్లనీ విని ముందు నవ్వొచ్చింది.

''లీటరుకి రెండు కిలోమీటర్లా! యాభైమందిని ఎక్కించుకుని మా బస్సు ఐదిచ్చేది కదరా.''

తర్వాత నవ్వాపి అడిగారు. ''లెక్క బాగానే ఉంది. మరి డెడ్ కిలోమీటర్లేవి?''

ఆర్టీసీలో ఆ మాట తెలియని డ్రైవరుండడు. డిపోలో బయల్దేరిన బస్సు, మొదటి ప్రయాణికుడు ఎక్కే బస్టాండు దాకా ఖాళీగా వెళ్తుంది. టికెట్టు తెగదు. ఆయిలు మాత్రం అవుతుంది. ఆ దూరమే డెడ్ కిలోమీటర్లు. దాన్ని మరిచిపోయి కట్టిన ఏ లెక్కా సాయంత్రానికి కుదరదు.

కొడుక్కి వెలిగింది. పందెం మొదలయ్యే ముందు కార్లన్నీ వరసలో నెమ్మదిగా ఒక ల్యాపు తిరుగుతాయి. ఫార్మేషన్ ల్యాపు. అది పందెం లెక్కలోకి రాదు. ట్యాంకు లెక్కలోకి వస్తుంది. పోయింది రెండు లీటర్లే. ఆ రెండు లీటర్లే కెమ్మెల్ చివర లేవు.

అక్కణ్నుంచి ఆ ఇంట్లో మాటలు మొదలయ్యాయి.

కెయంపీఎల్ అనే మూడక్షరాల... కాదు, నాలుగక్షరాల మాట చుట్టూ తిరిగిన బతుకు తండ్రిది. లీటరుకి ఎన్ని కిలోమీటర్లిచ్చాడన్నదే డిపోలో డ్రైవరు పరువు. ఎవరెంత తెచ్చారో నోటీసు బోర్డెక్కేది. తగ్గినవాణ్ని పిలిచి అడిగేవారు. పెంచినవాణ్ని మెచ్చుకునేవారు. ఏ స్టాపుకి ఎంత ముందు కాలు తీయాలో, సిగ్నల్ ఎరుపుంటే పరుగెత్తుకెళ్లి బ్రేకు తొక్కడం ఎందుకు దండగో ఆయన కాళ్లకి తెలుసు. ఘాట్ ఎక్కిన గేరులోనే దిగాలి. ఆయిలు కలిసొస్తుందని న్యూట్రల్లో వదిలితే ప్రాణాలు పోతాయి. గేరులో ఉంచి కాలు తీస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకులు కాలవు, టైర్లు అరగవు. కోటలో బస్సాగితే ప్రయాణికులు టీకి దిగేవారు, ఈయన మాత్రం చిన్న ఇనప రాడ్డుతో టైర్లని కొట్టి చప్పుడు వినేవారు. గాలి తగ్గిన టైరు మోత వేరు.

కొడుకు తెర మీద టైరు గాలి 26, 27 పీఎస్‌ఐ మధ్య ఉండేలా చూసుకోవడానికి తంటాలు పడేది ఇందుకే. గాలి ఎక్కువైతే టైరు మధ్యలో మాత్రమే నేలని పట్టుకుంటుంది. తక్కువైతే అంచులు అరుగుతాయి. ఆయన రాడ్డుతో విన్నది ఇతను అంకెల్లో చూస్తున్నాడు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. ఎలక్ట్రిక్ కార్లు కాబట్టి ఆయిలు పోయడమనేది లేదు. ఉన్న చార్జీతోనే చివరిదాకా నెట్టుకురావాలి. బ్రేకేసినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి వస్తుందని కొడుకు చెబితే, రైలింజన్లు బ్రేకు వేసి తీగలోకి కరెంటు వెనక్కి పంపినట్టేనా అని తండ్రి అడిగారు. ఆ రేసు గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర, వెనకే తరుముతున్న నిక్ క్యాసిడీ కన్నా తక్కువ చార్జీ ఉంది. అయినా దారివ్వకుండా కాచుకుని, సెకనులో పదోవంతులు నాలుగే నాలుగు తేడాతో గెలిచాడు. ''డ్రైవరంటే ఆడూ!'' అన్నారాయన. వేగాన్ని మెచ్చుకుంటూ ఆయన నోట మాట రావడం ఇంట్లో వాళ్లెవరూ అంతకు ముందు వినలేదు.

ఆరు గంటల రేసులో కొడుక్కి చోటు దొరికింది, ఒకరు తప్పుకోబట్టి. కరెంటు పోతుందేమోనని ఇన్వర్టరు సిద్ధం చేసుకున్నాడు. ఆ భయం అతనొక్కడిదే కాదు. 2023 జనవరిలో జరిగిన వర్చువల్ లె మాన్‌లో ముందున్న మాక్స్ వెర్‌స్టాపెన్ అంతటివాడికే మధ్యలో కనెక్షను తెగిపోయింది. చేతిలో ఉన్న గెలుపు పోయింది. రేసు రోజు తండ్రి వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నోరెత్తలేదు. కొడుకు ఎక్కడెక్కడ కాలు తీస్తున్నాడో మాత్రం చూశారు. జట్టు ఐదో స్థానంలో వచ్చింది.

''పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలని ఊరికే అన్నారా?'' అని తల్లి సంతోషపడింది. ఆ సామెత దగ్గరే తండ్రీ కొడుకులకి మొదటిసారి అసలైన పేచీ వచ్చింది. మిగిల్చినవాడే మంచి డ్రైవరన్నది తండ్రి మాట. ముప్ఫై ఏళ్లూ అలాగే బతికారు. మిగిలిన ప్రతి బొట్టూ సంస్థకి లాభం. రేసులో అలా కాదంటాడు కొడుకు. గీత దాటాక ట్యాంకులో మిగిలిన లీటరు, పందెమంతా అనవసరంగా మోసిన బరువు. ముప్పావు కిలో. దాన్ని మోయకుండా ఉంటే, లేదా మండించి ఉంటే, ఇంకొంచెం ముందుండేవాళ్లం. బొట్టు మిగలకూడదు, బొట్టు తక్కువా కాకూడదు. పొదుపు చేయాల్సిందే, కానీ దేనికోసం చేశామో దానికి ఖర్చు పెట్టేయాలి కూడా.

తండ్రి ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. రెండ్రోజులు ఆలోచించారు. పిల్లల చదువులకనీ, ఇంటి స్లాబుకనీ, ముందు ముందు ఏ అవసరం వస్తుందో అనీ ఎప్పుడూ కాలు తీసే ఉంచిన మనిషి మరి.

తర్వాత గోపాలపట్నం మార్కెట్టు దగ్గర ఓ గీతల పుస్తకం కొనుక్కొచ్చారు. పాత లాగ్ షీటులో ఉన్నట్టే గడులు కొట్టారు. తేదీ, ట్రాకు, నింపింది, డెడ్ కిలోమీటర్లు, అయింది, మిగిలింది. రేసైన ప్రతిసారీ కొడుకుని అడిగి అంకెలు రాసుకుంటారు. కళ్లజోడు లేకుండా కనపడాలని అక్షరాలు పెద్దవి. అందులో ఈమధ్య రాసిన వరస చివర, 'మిగిలింది' గడిలో 1.4 లీటర్లని ఉంది. దాని పక్కన ఎర్ర బాల్‌పెన్నుతో ఆయనే రాసిన రిమార్కు కూడా ఉంది.

''ఎక్కువ మిగిలింది. ఇంకాస్త తొక్కాల్సింది.''