పొగబండి తొవ్వలో

కాచిగూడ–చెన్నై రైలు
రాత్రి, గద్వాల దాటాక

నాయినా,

శంషాబాద్ విమానాశ్రయం ఇంటి పక్కనే ఉండగా ఈ పిల్ల రైలెందుకు ఎక్కిందని అమ్మ ఇంకా గొణుగుతూనే ఉండి ఉంటుంది. గంటంబావులో దిగే ఊరికి రాత్రంతా ఊగుకుంటూ పోవడం ఏమిటో ఆమెకు చెప్పలేకపోయాను. నీకు చెప్పే పని లేదు. ఇది నీ లైను.

ఫలక్‌నుమా దాటగానే తలుపు దగ్గరకు పోయి నిలబడ్డాను. బుద్వేల్ పోయింది. ఉందానగర్ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మా బండి ఆగలేదు, కనీసం నెమ్మదించలేదు. ఇప్పుడు జంట పట్టాలు, పైన కరెంటు తీగలు, ఎంఎంటీఎస్ కోసం జనం. సరిగ్గా అప్పుడే ఒక విమానం పొట్ట చూపిస్తూ మా నెత్తిమీదుగా దిగింది. నా పక్కన నిలబడ్డ పిల్లవాడు దాన్ని ఫోన్లో తీసుకుంటున్నాడు. నేనేమో ప్లాట్‌ఫాం చివర చూస్తున్నాను. మహేశ్వరం నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, చద్దన్నం డబ్బా హ్యాండిల్‌కు వేలాడదీసుకుని, నువ్వు ప్యాసింజరు కోసం నిలబడే చోటు అదే అయి ఉంటుందని ఒక జాగా ఎంచుకున్నాను. తప్పయితే తప్పే. నాకైతే అదే.

చిన్నప్పుడు నువ్వు డ్యూటీ నుంచి వస్తే ముందు వాసన వచ్చేది, తర్వాత నువ్వు వచ్చేవాడివి. బొగ్గు, నూనె, చెమట కలిసిన వాసన. అమ్మ నీ బట్టలు మా బట్టల్లో కలపనిచ్చేది కాదు. ఇంజన్ మీద ఎట్లుంటదని అడిగితే నువ్వు చెప్పింది ఒక్కటే మాట: "ముందర వైశాఖం, ఎనక పుష్యమాసం, నడుమల నేను." అప్పుడు పొడుపుకథ అనుకున్నాను. ఇందాక కృష్ణ వంతెన మీద చలిగాలి వీపుకు తగిలినప్పుడు, ఆ చలిలో నీ ముఖం ముందు తెరిచిన కొలిమి ఉండేదని తలచుకుంటే అర్థమైంది.

ఈ లైను తొంభైలలో పెద్దదయింది. మీటర్ గేజ్ పట్టాలు పీకి బ్రాడ్ గేజ్ వేశారు. దేశంలో బ్రాడ్ గేజ్ మీద మామూలు రాకపోకలకు నడిచిన ఆఖరి పొగబండి 1995 డిసెంబరు 6న జలంధర్ నుంచి ఫిరోజ్‌పూర్ పోయింది. మీటర్ గేజ్ మీద ఇంకో నాలుగైదేళ్లు సాగిందట. అప్పటికి నువ్వు డీజిల్‌కు మారిపోయావు, బట్టలు తెల్లగా వచ్చేవి, అమ్మ సంబరపడింది. నువ్వు మాత్రం షెడ్డు సామాను పాత ఇనుము కింద అమ్ముతున్నారని విని పోయి, తూకానికి కొని ఒక పార తెచ్చావు. "బంగారం తెచ్చిండు మీ నాయిన" అని అమ్మ దాన్ని పశువుల కొట్టంలో పడేసింది. ఇప్పటికీ పేడ ఎత్తేది దానితోనే గదా.

నిద్రొస్తోంది. డోన్ వచ్చాక లేపమని పక్క బెర్తు ఆయనకు చెప్పాను. ఆయన ఇప్పటికే గురక పెడుతున్నాడు.


చెన్నై
మరునాడు మధ్యాహ్నం

నాయినా,

డోన్ చూడలేదు. కళ్లు తెరిచేసరికి తెల్లారిపోయింది.

ఎగ్మోర్‌లో దిగి కాఫీ తాగి పెరంబూరు పోయాను. లోకో వర్క్స్ గోడ పక్కన కాసేపు నడిచాను. లోపలికి పోవడానికి నేనెవరిని? కానీ ఆ గోడ వెనక జరిగిన ఒక పని గురించి నీకు రాయాలి.

1855లో ఇంగ్లండులోని లీడ్స్ ఊళ్లో కిట్సన్, థాంప్సన్, హ్యూయిట్సన్ అనే కంపెనీ ఈస్టిండియన్ రైల్వేకు ఇంజన్లు చేసి ఓడ మీద కలకత్తా పంపింది. వాటిలో ఇద్దరు అక్కచెల్లెళ్లు, నంబర్లు 21, 22. ఇరవై రెండు అంటే ఫెయిరీ క్వీన్, నువ్వు క్యాలెండర్లో చూసి "గింత బుడ్డదా!" అన్నదే. 1909లో పని మాన్పించి హౌరా స్టేషన్ బయట నిలబెట్టారు. 1943లో చందౌసీ రైల్వే బడికి పంపారు. అక్కణ్నుంచి ఢిల్లీ మ్యూజియానికి చేరింది. 1997 అక్టోబరులో మళ్లీ నిప్పు పెట్టి ఢిల్లీ నుంచి అల్వార్ దాకా నడిపితే, క్రమం తప్పకుండా నడుస్తున్న ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతదని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. పేరంతా చెల్లెలికే వచ్చింది. అక్క పేరు ఎక్స్‌ప్రెస్. ఆమెను పెరంబూరు వాళ్లు బాగుచేసి 2010 ఆగస్టు 15న చెన్నైలో పట్టాల మీద నడిపించారు. పని మానిన నూటొక్క ఏళ్లకు!

నువ్వు ఏం అడుగుతావో నాకు తెలుసు. "బాయిలర్ సంగతేంది?"

అదే అసలు సంగతి. చక్రాలు, చట్రం, చిమ్నీ, ఇవన్నీ ఎండకూ వానకూ వందేళ్లు నిలబడతాయి. బాయిలర్ లోపల్లోపల చస్తుంది. ట్యూబులు పలచబడతాయి, రివెట్ల చుట్టూ తుప్పు తింటుంది, బయటికి మాత్రం రంగు నిగనిగలాడుతుంది. అందుకే పాత ఇంజన్‌కు ఆవిరి పెట్టే ముందు నీళ్లతో పరీక్ష. గొంతుదాకా నీళ్లు నింపి, నడిచేటప్పటి ప్రెషర్ కంటే ఎక్కువ ఎక్కించి, లైటు పట్టుకుని ప్రతి అతుకూ చూస్తారు. ఎక్కడైనా బీటుంటే నీళ్లయితే కారి ఊరుకుంటాయి. ఆవిరయితే ఊరుకోదు. ఒక చెంబు నీళ్లు ఆవిరైతే పదహారు వందల చెంబుల పైచిలుకు చోటు కావాలి, ఆ చోటు కోసం అది ఇనుమును కాగితంలా చించుకుని వస్తుంది. వాటర్ గేజ్ గ్లాసు మీద నుంచి కన్ను తీస్తే నీ పెద్ద డ్రైవరు పార కామతో మొట్టేవాడని చెప్పేవాడివి. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు.

ఇంకొకటి యాదికొచ్చింది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆఫీసు ముందర తోటలో నిలబెట్టిన ఇంజన్ చూపించడానికి తీసుకుపోయావు. ఏ ఆఫీసో రాయను. ఎర్రగన్నేరు మొక్కల నడుమ నల్లరంగు, అంచులకు వెండిరంగు, పెళ్లికొడుకులా ఉంది. నువ్వు పైకెక్కి రెగ్యులేటర్ పట్టుకుని లాగావు. రాలేదు. రంగు మీద రంగు వేసి అతుక్కుపోయింది. ఫైర్‌బాక్స్ తలుపు తెరిస్తే లోపల చిప్స్ ప్యాకెట్లు. నువ్వేం మాట్లాడలేదు. కిందికి దిగి ఆ ప్యాకెట్లు ఏరి చెత్తకుండీలో వేసి, నన్ను తీసుకుని వచ్చేశావు. తొవ్వ పొడుగునా మాట లేదు. అప్పుడు నీ కోపం ప్యాకెట్ల మీద అనుకున్నాను. రెగ్యులేటర్ మీద అని ఈ రోజు పెరంబూరు గోడ పక్కన తట్టింది.

రాత్రికి నీలగిరి ఎక్స్‌ప్రెస్. తెల్లవారి మేట్టుపాళయం.


కూనూరు
సాయంత్రం, చలిగా ఉంది

నాయినా,

ఎక్కాను. చూశాను. ముక్కులో ఇంకా మసి ఉంది.

మేట్టుపాళయంలో ఉదయం ఏడు దాటాక ఊటీ కొండరైలు బయల్దేరింది. నీలిరంగు పెట్టెలు, ఇంజన్ మాత్రం ముందు లేదు, వెనక. కొండెక్కేటప్పుడు అది లాగదు, నెడుతుంది. ప్రతి పెట్టె ముందు అరుగు మీద ఒక బ్రేకు మనిషి జెండా పట్టుకుని కూర్చుంటాడు. ముందున్నాయన జెండా ఊపితే ఆ సంగతి పెట్టె తర్వాత పెట్టె దాటుకుంటూ వెనక డ్రైవరు దాకా పోతుంది. మన ఊళ్లో బావిలోంచి మట్టి తట్టలు అందించుకున్నట్టు!

కల్లార్ దాకా మామూలు రైలే. అక్కడ పట్టాల నడుమ పళ్ల పట్టీ మొదలవుతుంది. పక్కపక్కనే రెండు ఇనుప బద్దీలు, రంపం పళ్లలాంటి పళ్లతో, ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు. ఇంజన్ కింద ఉన్న పళ్ల చక్రం వాటిని పట్టుకుని ఎక్కుతుంది. పన్నెండడుగులు పోతే ఒక అడుగు ఎత్తు. మన మేడ మెట్లంత కాదు గానీ, రైలుకు అది గోడ కిందే లెక్క. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేశారు. మొత్తం నలభై ఆరు కిలోమీటర్లు, 16 సొరంగాలు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

ఇప్పుడు నీకు నచ్చే ముక్క. ఈ ఎక్స్ క్లాస్ ఇంజన్లకు నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి. మిగతా రెండు పళ్ల చక్రాలను తిప్పుతాయి. ఆ రెండింటికి కొత్త ఆవిరి ఇవ్వరు, మొదటి రెండూ వాడి వదిలిన ఆవిరే ఇస్తారు. గంజి వార్చి పారబోయకుండా దానితోనే ఇంకో పూట గడిపినట్టు. స్విట్జర్లండులోని వింటర్‌టూర్ కంపెనీ వాళ్లు వందేళ్ల కిందట చేసి పంపిన లెక్క ఇది. 1952లో ఇంకో అయిదు పంపి ఊరుకున్నారు.

తర్వాత అవి ముసలివయ్యాయి. స్విట్జర్లండు నుంచి కొత్తవి రావు. ఏం చేశారో తెలుసా? తిరుచ్చి దగ్గర పొన్మలై, అదే గోల్డెన్ రాక్ వర్క్‌షాపు, అక్కడ మనవాళ్లే కొత్తగా చేసుకున్నారు. 2011 నుంచి నూనెతో నడిచేవి, మళ్లీ 2021లో అచ్చంగా బొగ్గుతో నడిచేది. ఈ కాలంలో పొగబండిని బాగుచేయడం కాదు నాయినా, పుట్టించారు. పాత ముక్క విప్పి, కొలిచి, అట్లాంటిదే చేసి, పెట్టి చూసి.

మా పెట్టెలో కెమెరాలు మెడకేసుకున్న ఒక పెద్దమనిషి పెదవి విరిచాడు. కొత్తగా చేస్తే అది వారసత్వం ఎట్లవుతుంది, నకలు గదా అని. నాకు నోరు ఆగలేదు. మన ఇంటి దూలాలు మార్చాం, పెంకులు తీసి స్లాబు వేశాం, వెనక గోడ మొత్తం పడగొట్టి కట్టాం, అయినా తాత కట్టిన ఇల్లనే అంటాం. ఎందుకంటే దాంట్లో పొయ్యి ఎన్నడూ ఆరలేదు. పాత ఇనుమును అద్దాల గదిలో పెట్టుకుని, నిప్పు పెట్టడం తెలిసిన మనిషి పోయాక, మిగిలేది ఏమిటి? ఇవన్నీ హిందీలో చెప్పబోయి సగంలో తడబడ్డాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

హిల్‌గ్రోవ్‌లో నీళ్లకు ఆగింది. కోతులు పెట్టెల మీదకు దూకాయి. అందరూ కోతుల ఫోటోలు తీస్తుంటే నేను వెనక్కి నడిచి ఇంజన్ దగ్గర నిలబడ్డాను. ఆగి ఉన్నా అది ఊరికే ఉండదు గదా. ఎక్కడో కుతకుత, ఎక్కడో సన్నగా ఈల, కింద బొట్టు బొట్టు వేడినీళ్లు. డీజిల్ బండి ఆగితే సద్దు చేసే డబ్బా. ఇది మాత్రం మోత దించి గస తీర్చుకుంటున్న ఎద్దులా ఉంది. మీరు "బండి" అనకుండా "అది తిన్నది, అది అలిగింది" అని ఎందుకు మాట్లాడుకునేవారో తెలిసింది.

కూనూరు నుంచి పైకి డీజిల్. కాబట్టి నేను ఇక్కడే దిగిపోయాను. ఊటీ చూడకుండా వస్తున్నానని అమ్మకు అప్పుడే చెప్పకు.

స్టేషను పక్కనే షెడ్డు. బయట ఒక పెద్దాయన చేతులు వేస్టుదూదితో తుడుచుకుంటూ కూర్చున్నాడు. తమిళం నాకు రాదు, ఆయనకు తెలుగు నాలుగు ముక్కలు వచ్చు, మిగతాది సైగలు. మా నాయిన మీటర్ గేజ్ మీద ఫైర్‌మెన్, వైజీ ఇంజన్, అని చెప్పగానే లేచి నిలబడ్డాడు. నన్ను చూసి కాదు, నిన్ను చూసి. టీ తెప్పించాడు. నూనె ఇంజన్ల మీద వాల్వు తిప్పడమే గానీ పార పట్టే పని లేదట. బొగ్గు ఇంజన్ మళ్లీ వచ్చాక కుర్రవాళ్లకు పార ఎట్లా విసరాలో చెప్పాల్సి వస్తోందట. కుమ్మరించకూడదు, కొంచెం కొంచెంగా, మూలలకు ముందు, నడుమ పలచగా. ఆయన గాలిలో చేసి చూపిస్తుంటే నీ మణికట్టు కనబడింది నాయినా. విసిరి చివర్లో చిన్న మెలిక తిప్పుతావు చూడు, మనవరాలిని ఉయ్యాలలో ఊపేటప్పుడు కూడా వస్తుంది, అదే.

మీ వైపు వైజీ పార కామ ఎంత పొడుగు, అని అడిగాడు. ఇక్కడి క్యాబ్ ఇరుకు, కామ పొడుగైతే వెనక తగులుతుంది, పొట్టిదైతే మూలకు బొగ్గు అందదు. నాకేం తెలుసు? మా ఇంట్లో ఒకటుంది, పేడ ఎత్తుతున్నారు, అని చెబితే చాలాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, కామ పాతదేనా, మార్చారా అని మళ్లీ అడిగాడు.

రేపు పదకొండింటి దాకా షెడ్డు దగ్గరే ఉంటానన్నాడు. నేను ఇదంతా ఫోటో తీసి తమ్ముడి ఫోన్‌కు పంపుతున్నాను, వాడు పొద్దున్నే నీకు చదివి వినిపిస్తాడు. జర కొట్టంలోకి పోయి చూడు. కామ అప్పటిదే అయితే టేపు పెట్టి కొలిచి ఫోన్ చెయ్యి. అమ్మ మార్చిందంటే, నీ చేతి లెక్కన ఎంతుండేదో చెప్పు, మూరా బెత్తెడా అని. నేను ఇక్కడ కొలుస్తాను.

నీ బిడ్డ