సన్నగా ఉన్నావే, అదృష్టవంతురాలివి!

కిందటి సంక్రాంతికి బెల్లంకొండ వెళ్తే మా అత్తయ్యలు ముగ్గురూ ఒకటే మాట. "ఎంత సన్నగా ఉన్నావే, అదృష్టవంతురాలివి!" నేనూ మురిసిపోయాను. 27 ఏళ్లు, 52 కిలోలు. డిగ్రీనాటి చుడీదార్లు ఇప్పటికీ పడతాయి. హైదరాబాద్‌లో రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చునే ఉద్యోగం. పెళ్లిచూపులప్పటికి ఎక్కడ లావెక్కుతానోనని రాత్రి అన్నం మానేసి మూడేళ్లయింది. ఆకలేస్తే బిస్కెట్లు, చిప్స్.

మూడో రోజు కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే పట్టా మీద కాలు జారింది. చెయ్యి ఆనించాను, అంతే. మణికట్టు విరిగింది. ముందు రోజే అదే పట్టా మీద మా అమ్మ కూడా జారి పడింది. ఆవిడ లేచి, చీర దులుపుకుని, పట్టాని నాలుగు తిట్టి మళ్లీ పనిలో పడింది.

గుంటూరులో పిండికట్టు వేసిన డాక్టరుగారు "ఈ వయసులో ఇంత తేలిగ్గా విరగకూడదమ్మా" అని రక్త పరీక్షలు, డెక్సా స్కాన్ రాశారు. విటమిన్ డి 11. పల్నాటి ఎండలో పుట్టినదానికి! ట్రైగ్లిజరైడ్లు 210, మంచి కొలెస్ట్రాల్ 36. ఒంట్లో కొవ్వు 36 శాతం. వెన్నెముక జెడ్ స్కోరు మైనస్ 2.1. మైనస్ 2 కన్నా కిందికి పోతే వయసుకి ఉండాల్సినంత ఎముక లేదని లెక్కట.

"సార్, నేను సన్నగానే ఉన్నానుగా?" అన్నాను. చేతికి కట్టు ఉన్నా పౌరుషం తగ్గలేదు మరి.

ఆయన పుణె డాక్టర్ యాజ్ఞిక్ గారి సంగతి చెప్పారు. 2004లో ఆయనా, ఇంగ్లండ్ డాక్టర్ యుడ్కిన్ గారూ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకి తగ్గ బరువు లెక్కలో, అదే బీఎంఐలో, ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. తక్కెడకి కండా కొవ్వూ ఒకటే. ఎముకకి కాదు. కండ లాగినప్పుడల్లా ఎముకలోని కణాలు ఆ ఒత్తిడిని పసిగట్టి అక్కడ మరింత గట్టిపరుస్తాయి. కండ లేకపోతే ఎముకకి పనే లేదు.

"లావుగా ఉంటే బరువు మోసి ఎముక గట్టిపడుతుందంటారుగా?" అనడిగాను. కొంతవరకు నిజమేనట. కానీ పొట్టలోపల పేరుకునే కొవ్వు వేరే రకం, అది ఒంట్లో సన్నని మంట రాజేస్తూ ఎముకని బలహీనపరుస్తుందట. పైగా మూలుగలో కొవ్వు కణమూ, ఎముక కట్టే కణమూ ఒకే తల్లికణం నుంచి పుడతాయి. ఒకటి పెరిగితే రెండోదానికి కోత. రక్తంలో కొవ్వులకీ ఎముకకీ ఉన్న చుట్టరికం మాత్రం అంత సూటిగా లేదు, పరిశోధనల్లో ఒకదానికొకటి పొసగని ఫలితాలొచ్చాయి. "నీ విషయంలో రెండూ ఒకే కుర్చీలోంచి వచ్చాయమ్మా" అన్నారు. కోపమొచ్చింది గానీ అబద్ధం కాదుగా.

ఇంటికొచ్చి ఒంటిచేత్తో ఫోన్‌లో వెతికితే మన ఊళ్ల కథే దొరికింది. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఒక పరిశోధన చేశారు. కొన్ని ఊళ్లలో గర్భిణులకీ పసిపిల్లలకీ రోజూ ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు పెద్దయ్యాక ఎముకలు కొలిచారు. చిన్నప్పటి ఉప్మా ప్రభావం పెద్దగా కనిపించలేదు. కనిపించిందల్లా ఇప్పటి కండ, ఇప్పుడు కాళ్ల మీద నిలబడి చేసే పని. ఆ రాత్రి నాకు అది చదివి ఏడుపు, ధైర్యం రెండూ వచ్చాయి. ఎందుకంటే మా నాన్నమ్మ తుంటి విరిగి మంచమెక్కి, మళ్లీ దిగలేదు. ఎముక పోగుపడేది దాదాపు ముప్పై ఏళ్ల దాకానే. నాకింకా మూడేళ్లుంది.

ఇప్పుడు రాత్రిపూట తింటున్నాను. పెరుగు, గుడ్డు, పప్పు. శ్రీనాథుడి పేరున్న చాటువుల్లో అన్ని తిట్లు తిన్న పల్నాటి జొన్న కూడా. వారానికి మూడు రోజులు బరువులు ఎత్తుతాను. ఊరికి వస్తే బెల్లంకొండ కోట ఎక్కుతాను. బరువు 55 అయింది. మొన్న పెద్దత్తయ్య "కాస్త ఒళ్లు చేశావే" అంది, జాలిగా.

అమ్మకి 53. ముట్లు ఆగి నాలుగేళ్లయింది, ఆ తర్వాత ఆడవాళ్లకి ఎముక వేగంగా కరుగుతుంది. స్కాన్ చేయించుకోమంటే "నాకెందుకే, నేను పడ్డా లేచానుగా" అంది. "నాన్నమ్మ కూడా అంతకుముందు పడ్డప్పుడల్లా లేచింది" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాయలు యార్డుకి తోలాక చూద్దాంలే" అంది.

టిక్కీలు పోయిన బుధవారం గుంటూరు వెళ్లిపోయాయి. రేపు పొద్దున బస్సుకి మేమిద్దరం.