ఒకే రేకు మీద అన్ని రంగులు



మన కోనసీమలో ఏ దావత్‌కి వెళ్లినా ఇప్పుడు ఒకటే బహస్: పిల్లలకు ఉర్దూ నేర్పాలా, వద్దా? ఇంట్లో ఉర్దూ మాట్లాడితే బడిలో తెలుగూ ఇంగ్లీషూ పాడవుతాయని చాలామంది వాలిదైన్‌కి ఫికర్. ఈ బహస్ విన్నప్పుడల్లా నాకు కృష్ణారెడ్డిగారు యాదికొస్తారు.

ఆయన 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ ఆయన ఉస్తాద్. తర్వాత లండన్‌లో చదివి, పారిస్ వెళ్లి, హేటర్ నడిపే ‘అటెలియే 17’ అనే కార్ఖానాలో చేరారు. లోహపు రేకును చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీయడం అక్కడి హునర్.

అప్పట్లో రంగుల అచ్చు కావాలంటే మామూలుగా ఒక్కో రంగుకి ఒక్కో రేకు చెక్కాలి. కృష్ణారెడ్డిగారూ సాథీలూ ఒకే రేకు మీద అన్ని రంగులూ నిలిపే తరీఖా తయారుచేశారు. రేకును ఎత్తుపల్లాలుగా చెక్కుతారు. నూనె ఎక్కువ కలిపిన పల్చటి సిరాను గట్టి రోలరుతో పూస్తే అది పై అంచులకే అంటుతుంది. తర్వాత చిక్కటి సిరాను మెత్తటి రోలరుతో పూస్తే అది లోతుల్లోకి దిగుతుంది. పైనున్న నూనె సిరా దాన్ని అంటనివ్వదు. ఏ రంగూ ఇంకో రంగును చెడగొట్టదు. ఒక్కసారి ప్రెస్సులో తిప్పితే తస్వీర్ పూర్తి.

ఆయనకు 1972లో పద్మశ్రీ వచ్చింది. న్యూయార్క్‌లో ఎందరో షాగిర్దులకు ఈ విద్య నేర్పి, 2018లో కన్నుమూశారు.

నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేశాను. రాజోలు రైతు కష్టం రాయాలంటే కలం తెలుగులోనే నడుస్తుంది. ఖబరస్తాన్‌లో చేతులెత్తితే నోట ఉర్దూయే వస్తుంది. ఇరవై ఏళ్ల అఖ్బార్ కొలువులో ఒకటి ఇంకోదాన్ని పాడుచేసింది లేదు.

మా నానీ రాసిన ఖత్‌లు సందూక్‌లో భద్రంగా ఉన్నాయి. మా బేటీకి మాత్రం అవి ఉత్త గీతలు. అందుకే ఈ రంజాన్ నుంచి ఇషా తర్వాత పావుగంట అలిఫ్, బే దిద్దిస్తున్నాను. మీ ఇళ్లలోనూ అలాంటి ఖత్‌లు ఉండే ఉంటాయి. చదవగలిగే పెద్దవాళ్లు ఉన్నప్పుడే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. ఉర్దూ లోతున ఉండే రంగు. అక్కడికి చేరాలంటే మెత్తటి చెయ్యే కావాలి, జబర్దస్తీ కాదు.