బాప్తిస్మం అయిన తరువాత



మొన్న వేసవి సెలవుల్లో రేపల్లె దగ్గర మా ఊరి కాలువలో నేను బాప్తిస్మం తీసుకున్నాను. రక్షణ ఉచితం, ఎవరూ డబ్బిచ్చి కొనలేరు అని అయ్యగారు చెప్పారు. పరీక్ష రాయకుండానే పాసయినట్టు అనిపించింది! ఇక మీదట శిష్యుడిగా నడవాలిరా అని కూడా అన్నారు. అది సరిగా వినలేదు. నా ధ్యాసంతా అమ్మమ్మ వండిన చేపల పులుసు మీదే ఉంది.

బడి తెరిచాక రేపల్లె పాసింజరులో తెనాలి వచ్చి, అక్కడ బండి మారి బాపట్ల చేరాను. వారం తిరక్కుండానే మా గదిలో ఒకరి పెట్టెలో నూరు రూపాయలు పోయాయి. అందరూ స్టువర్టుపురం నుంచి వచ్చిన నా మిత్రుడి వంకే చూశారు. (వాణ్ణి అడిగే ఇది రాస్తున్నాను.) వాడి పేరు ఎవరూ ఎత్తలేదు, ఊరి పేరు ఎత్తారు. నేను నోరు విప్పలేదు. నేను యానాదుల పిల్లవాణ్ణి. మాట్లాడితే వేళ్ళు నా వైపు తిరుగుతాయని భయం.

దసరా సెలవుల్లో వాడు నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. బాపట్ల దాటితే స్టువర్టుపురమే. 1910 దశకంలో ఇంగ్లీషు ప్రభుత్వం ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి, సాల్వేషన్ ఆర్మీకి, అంటే రక్షణ సైన్యానికి అప్పగించింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ దొర పేరే ఆ ఊరికి పెట్టారు. భూములిచ్చారు, బడి పెట్టారు, ప్రార్థన నేర్పారు. హాజరు కూడా వేసేవారు. చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. నేరస్థ తెగల చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది. "చట్టం పోయి ఇన్నేళ్ళయినా ఏం పోయినా మా పిల్లల్నే చూస్తారేంటయ్యా?" అని వాళ్ళ తాత నన్నడిగాడు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

సుంకరి జక్కయ్య కథ మనలో చాలామందికి తెలుసు. యేసు ఇంటికి వస్తే, ఎవరూ అడక్కుండానే, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అది రక్షణకు కట్టిన వెల కాదు. ఆయన తన గడప తొక్కాడన్న సంతోషంతో ఇచ్చాడు. నాకు ఇన్ని నెలలకు గాని అది అర్థం కాలేదు. నేను తిరిగి ఇవ్వవలసింది డబ్బు కాదు, ఒక్క మాట.

వార్డెన్ సారూ, డబ్బు పోయిన రోజు సాయంత్రం ఆటల నుంచి రాత్రి స్టడీ అయ్యే వరకు వాడు నా పక్కనే ఉన్నాడు. ఒక్కసారి కూడా గదిలోకి పోలేదు. ఇది నేను ఆ రోజే చెప్పవలసింది.