మిగిలిన పురుగులు

ప్రపంచంలో పురుగులు తగ్గిపోతున్నాయని ఎక్కడ చదివినా నాకు మా వంటింట్లో సింకు కింది అర గుర్తొస్తుంది. రాత్రి పదకొండింటికి మంచినీళ్ళకని లేచి లైటు వేస్తే అక్కడ తగ్గుదల ఏమీ కనపడదు. మీసాలు ఊపుకుంటూ నాలుగైదు బయటే ఉంటాయి. చటుక్కున సందుల్లోకి దూరిపోతాయి. పేపర్లో వచ్చే వార్తా, మా సింకు చెప్పే వార్తా ఒకే భూమికి సంబంధించినవేనా అని చాలాకాలంగా నాకో అనుమానం.

ముందు పేపర్ల సంగతి. జర్మనీలో క్రేఫెల్డ్ అనే ఊళ్ళో కీటకాల మీద మక్కువ ఉన్నవాళ్ళ సంఘం ఒకటుంది. ఎక్కువమంది ఔత్సాహికులే. గుడారాల్లాంటి వలలు కట్టి, వాటిలో పడ్డ ఎగిరే పురుగుల్ని సీసాల్లో పట్టి, తూకం వేసి రాసుకుంటూ వచ్చారు. 1989 నుంచి 2016 దాకా, 63 రక్షిత ప్రాంతాల్లో. ఆ లెక్కలన్నీ కలిపి 2017లో ప్రచురిస్తే తేలిందేమిటంటే, 27 ఏళ్ళలో ఎగిరే పురుగుల మొత్తం బరువు 76 శాతం పడిపోయింది. అవేమీ ఫ్యాక్టరీల పక్క స్థలాలు కావు, ప్రకృతి కోసమని ప్రత్యేకంగా వదిలిపెట్టిన చోట్లు. నిజం చెప్పాలంటే ఆ 76 కంటే నన్ను ఎక్కువ కదిలించింది ఆ తూకం. ఎవరూ అడక్కుండా, జీతం లేకుండా, అన్నేళ్ళు ఒకే పద్ధతిలో తూచడం. మా ఆఫీసులో ఏ లాగ్ ఫైలూ మూడేళ్ళు ఒకే ఫార్మాట్‌లో ఉండదు.

2019లో ఇంకో పేపరొచ్చింది. ప్రపంచంలోని కీటక జాతుల్లో 40 శాతం రాబోయే కొన్ని దశాబ్దాల్లో అంతరించిపోవచ్చని దాని సారాంశం. పత్రికలకి పండగే. నేనూ దించుకుని చదివాను. రోజూ కోడ్ రివ్యూ చేసేవాడికి ముందుగా కనపడేది ఫలితం కాదు, క్వెరీ. వాళ్ళు పరిశోధనల డేటాబేసులో 'కీటకాలు', 'సర్వే' అన్న మాటలతోపాటు 'తగ్గుదల' అన్న మాట కూడా పెట్టి వెతికారు. తగ్గుదల అని వెతికితే తగ్గుదలే కదా దొరికేది! ఈ లోపాన్ని శాస్త్రజ్ఞులే వెంటనే ఎత్తిచూపారు. 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చిన విశ్లేషణ ఇంతకంటే నమ్మదగ్గది. 166 అధ్యయనాలు, 1676 చోట్లు. నేల మీది కీటకాలు దశాబ్దానికి సుమారు 9 శాతం చొప్పున తగ్గుతున్నాయి, మంచినీళ్ళలో పెరిగేవి 11 శాతం చొప్పున పెరుగుతున్నాయి. ఆ లెక్కల్లో చాలాభాగం యూరప్, ఉత్తర అమెరికాలవి. తొమ్మిదే కదా అనిపిస్తుంది గానీ, ఆ లెక్కన ముప్ఫై ఏళ్ళకి పావువంతు మాయం.

సగటులో ఒక చిక్కుంది. ఎంత పోయిందో చెప్తుంది గానీ ఎవరు పోయారో, ఎవరు మిగిలారో చెప్పదు. నాకు కావలసింది ఆ రెండోది.

మా సింకు కింద ఉన్నది జర్మన్ బొద్దింక. 1767లో లినేయస్ పెట్టిన పేరది. జర్మనీది అనుకుని మనం రెండున్నర శతాబ్దాలు పిలిచాం. 2024లో దాని జన్యువుల్ని చుట్టాలతో పోల్చి చూస్తే తేలిందేమిటంటే, సుమారు 2100 ఏళ్ళ క్రితం భారతదేశంలోనో మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి అది చీలింది. అంటే ఇటు మనకి శాతవాహనుల కాలం. ఆ ఆసియా బొద్దింక ఆరుబయట రాలిన ఆకుల్లో బతుకుతుంది, దీపం చూస్తే ఎగిరొస్తుంది. మన వంటింటిది ఎగరదు, వెలుతురు పడితే పారిపోతుంది, మనుషుల కట్టడాలు దాటి దానికి బతుకు లేదు. మన పొయ్యి పక్కనే పుట్టి, మన ఓడల్లో, మన సామాన్లలో ప్రపంచమంతా తిరిగింది.

దాన్ని చంపడానికి తీపి కలిపిన విషపు జెల్ వాడతారు. కొన్నేళ్ళకి కొన్నిచోట్ల బొద్దింకలు ఆ జెల్ దగ్గరకే రావడం మానేశాయి. 2013లో అమెరికా శాస్త్రవేత్తలు కారణం కనుక్కున్నారు. ఆ బొద్దింకల్లో చేదుని కనిపెట్టే నాడీకణాలు గ్లూకోజుకి కూడా స్పందిస్తున్నాయి. తీపి వాటికి చేదైంది! ఆ గుణం పిల్లలకీ వస్తుంది. తీపికి ఆశపడ్డవన్నీ చచ్చాయి, గ్లూకోజంటే మొహం తిప్పుకునేవి మిగిలి పిల్లల్ని కన్నాయి. మా ఇంటికి ఆర్నెల్లకోసారి వచ్చే పెస్ట్ కంట్రోల్ కుర్రాడికి ఈ పేపరు తెలియకపోవచ్చు, విషయం మాత్రం తెలుసు. "ఇదే జెల్ ఎప్పుడూ పెడితే లాభం లేద్సార్, మార్చి మార్చి పెట్టాలి" అంటాడు.

మా అమ్మ మాత్రం ఊరినుంచి వచ్చినప్పుడల్లా బోరిక్ పౌడరు, మైదా, కాస్త పంచదార, సన్నగా తరిగిన ఉల్లిపాయ కలిపి గోళీలు చేసి, పిల్ల చెయ్యి అందని మూలల్లో పెడుతుంది. అందులోనూ పంచదారే గానీ మా ఇంట్లోవి ఇంకా అంత తెలివి మీరినట్టు లేవు. మూడు రోజుల తర్వాత వెల్లకిలా పడి ఉంటాయి. వాటి మీద నాకేం జాలి లేదు. వాటి పొట్టూ రెట్టా పిల్లల్లో ఉబ్బసాన్ని రేపుతాయి.

ఇక దోమ. రెండేళ్ళ క్రితం సెప్టెంబరులో మా పాపకి డెంగీ వచ్చింది. అప్పటికి దానికి ఆరేళ్ళు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ హలో బదులు "కౌంట్ ఎంతుంది?" అనేవాళ్ళు. రోజుకి రెండుసార్లు వేలిమీద సూది. మూడోరోజు పాప సూది చూసి ఏడవడం కూడా మానేసింది. ఆ రాత్రి నేను వార్డు బయట కుర్చీలో కూర్చుని ఫోన్‌లో ప్లేట్‌లెట్ల అంకెలు ఒక షీట్‌లో ఎక్కిస్తున్నాను. నాకు చేతనైంది అదొక్కటే. కాబట్టి దోమ కూడా ప్రకృతిలో భాగమేనని నాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది ఈ ఊళ్ళోనే, సికింద్రాబాదులో. ఇన్నేళ్ళకీ ఈ ఊళ్ళో ఆగస్టు వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ భయమే.

నిరుడు వానలు మొదలవగానే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వారానికోసారి ఫాగింగ్ చేయించాలని తీర్మానం పెట్టింది. సాయంత్రం ఆరింటికి ఒకతను భుజాన మిషన్ వేసుకుని వచ్చాడు. బర్రుమని చప్పుడు, తెల్లటి పొగ, వెనకాల పరిగెత్తే పిల్లలు. మర్నాడు పొద్దున్న నేను పాపని బస్సెక్కించడానికి దిగుతుంటే కారిడార్ లైట్ల కింద చచ్చినవి పడి ఉన్నాయి. ఊడ్చే ఆమె ఇంకా రాలేదు. కూర్చుని చూశాను. దీపప్పురుగులు, చిన్న చిన్న పెంకుపురుగులు, రెండు తేనెటీగలు, పచ్చటి జాలీలాంటి రెక్కలున్నదొకటి. దాని పిల్లలు పేనుబంకని తింటాయి. కొన్ని దోమలు కూడా ఉన్నాయి, కాదనను.

కానీ డెంగీ దోమ సాయంత్రం కారిడార్‌లో తిరుగుతూ దొరికే బాపతు కాదు. పగలు కుడుతుంది. మిగతా సమయం మంచం కింద, బీరువా వెనక, వేలాడేసిన బట్టల మధ్య కూర్చుంటుంది. తలుపులు బిగించుకున్న ఫ్లాట్లలోకి ఆ పొగ వెళ్ళదు. గుడ్లు పెట్టేది మురుక్కాలవలో కాదు, నిలవున్న మంచినీళ్ళలో. మనీప్లాంట్ సీసా, ఫ్రిజ్ వెనక ట్రే, ఏసీ నీళ్ళకి పెట్టిన బకెట్, మూత సరిగ్గా పడని ట్యాంకు. గుడ్డు దోమ కావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. వారానికోసారి ఆ నీళ్ళు పారబోస్తే అక్కడితో సరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పొగని జబ్బు ప్రబలినప్పుడు అత్యవసరానికి వాడేదిగానే చూస్తుంది.

ఇదంతా వాట్సాప్ గ్రూపులో రాశాను. మూడో అంతస్తు పెద్దాయన "పురుగుల మీద అంత ప్రేముంటే అడవికి పోయి ఉండవయ్యా" అని పెట్టారు. దానికి నవ్వుకున్నాను. కింద ఫ్లాటులో ఆవిడ రాసినదానికి నవ్వలేకపోయాను. వాళ్ళబ్బాయి అప్పుడే జ్వరంలో ఉన్నాడు. "మీ పాపకి వచ్చినప్పుడు మీరు ఇలాగే మాట్లాడేవారా?" అంది. ఆవిడ భయం నాకు తెలుసు. పొగ కంటికి కనిపిస్తుంది, ముక్కుకి తగులుతుంది, ఎవరో ఏదో చేస్తున్నారన్న ధైర్యం ఇస్తుంది. మూత బిగించిన డ్రమ్ముకి ఆ ధైర్యం ఇచ్చే శక్తి లేదు.

ఆ వారం నాన్న ఊరినుంచి వచ్చి ఉన్నారు. మాది గుంటూరు జిల్లా, పత్తీ మిరపా. ఫాగింగ్ గొడవంతా విని, మా ప్లగ్గులోని దోమల మిషన్ రీఫిల్ చేతిలోకి తీసుకుని, ఇందులో ఉండే మందేంటిరా అనడిగారు. ట్రాన్స్‌ఫ్లుత్రిన్. చామంతి జాతి పువ్వుల్లోని విషాన్ని చూసి కృత్రిమంగా తయారుచేసిన పైరిత్రాయిడ్ల కుటుంబం. పత్తికి కొట్టిన సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ ఆ కుటుంబంలోవే.

"సింథటిక్‌లా!" అన్నారు. "మొదటేడు ఒక్క కోటింగ్ కొడితే చేను అద్దంలా ఉండేదిరా. ఆ తర్వాత వారానికి రెండుసార్లు కొట్టినా పురుగు చావలా."

1980లలో ఆ మందులు వచ్చినప్పుడు కాయతొలిచే పురుగుతోపాటు అక్షింతల పురుగులూ సాలీళ్ళూ కూడా పోయాయి. వాటి నోటికి భయపడి అదుపులో ఉన్న తెల్లదోమ విరుచుకుపడింది. ఆకుల నిండా బంక, దానిమీద నల్లటి మసి. 1987 నాటికి శనగపచ్చ పురుగు ఆ మందులకి తట్టుకోవడం నేర్చింది. ఆ సీజన్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు. నేను పుట్టక ముందు సంవత్సరం అది. మా ఇంట్లో ఇప్పటికీ 'ఆ ఏడు' అంటే అదే. 2021-22లో మిరప మీద నల్ల తామర పురుగు వచ్చినప్పుడు కూడా నాన్న దుకాణంలో ఇచ్చిన మందులన్నీ ఒకదాని తర్వాత ఒకటి కొట్టి, చివరికి తోట పీకేశారు.

పొలంలో జరిగిందీ మా సింకు కింద జరిగిందీ ఒకటేననిపించింది నాకప్పుడు. అందర్నీ చంపే మందు కొడితే అందరూ చావరు. మనతో సంబంధం లేనివి ముందు పోతాయి. మనల్నే నమ్ముకుని, మన తిండి తిని, మన విషాలకి అలవాటుపడ్డవి మిగులుతాయి. పురుగులు తగ్గడమూ, ఇంట్లో పురుగు పోకపోవడమూ ఒకే వార్తకి రెండు పేరాలు.

పాల్వంచ దగ్గర పునుకుల గ్రామం 2003లో పురుగుమందులు మానేశామని ప్రకటించుకుంది. వాళ్ళు పురుగుని వదిలేయలేదు. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, లద్దెపురుగు గుడ్లు పెట్టడానికి వాలేలా చేను గట్టున ఆముదం. ఏ పురుగు ఎప్పుడు ఎక్కడ గుడ్డు పెడుతుందో తెలిస్తే తప్ప ఆ పని సాగదు.

ఆ తెలివిడి మనకి లేనిదేమీ కాదు, ఎక్కడో తెగింది. భ్రమరకీటక న్యాయం అని వేదాంతంలో వింటుంటాం. కందిరీగ ఒక గొంగళిపురుగుని తెచ్చి మట్టిగూట్లో పెడితే, ఆ పురుగు కందిరీగనే తలుచుకుని తలుచుకుని చివరికి కందిరీగే అవుతుందట. నిజానికి కందిరీగ పురుగుని కుట్టి కదల్లేకుండా చేసి, దానితోపాటు గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగుని తిని పెరిగి గూడు తొలుచుకుని వస్తుంది. ఉపమానం తప్పిందనుకోండి. కానీ పురుగు లోపలికి వెళ్ళడం, రోజుల తర్వాత కందిరీగ బయటికి రావడం ఎవరో ఓపిగ్గా కూర్చుని చూశారు, అది గొప్ప కాదూ! మా పుస్తకాల అల్మరా అంచున అలాంటి గూడొకటి ఉంది, తెలుగు కథల సంకలనాల వెనక. దుమ్ము దులిపినప్పుడల్లా మా ఆవిడ తీసేస్తానంటుంది, పాప అడ్డుపడుతుంది. ఆ కందిరీగకి గొంగళిపురుగులు దొరికాయంటే మా చుట్టుపక్కల ఎక్కడో అవి ఇంకా ఉన్నట్టే. బాల్కనీ కరివేపాకు మొక్క మీద నా అనుమానం.

అసోసియేషన్‌లో మధ్యేమార్గం కుదిరింది. ఎవరికైనా డెంగీ అని తేలితేనే పొగ. మిగతా వారాల్లో అంతస్తుకి ఇద్దరు చొప్పున తిరిగి నీళ్ళు చూడాలి. కింద ఫ్లాటావిడ తన పేరు ముందు రాయించింది. వాళ్ళబ్బాయి తేరుకున్నాడు. మొదటి వారం ఆవిడా నేనూ తిరిగితే పదకొండుచోట్ల లార్వాలు దొరికాయి, అందులో మూడు పెద్దాయన ఇంట్లో తులసికోట కింది పళ్ళెంలో, పాత కూలర్లో, పక్షులకి పెట్టిన నీళ్ళలో. ఆయన మాట్లాడలేదు, పళ్ళెం మాత్రం బోర్లించారు. షీట్‌లో తేదీ, అంతస్తు, ఎక్కడ, ఎన్ని అని నాలుగు కాలమ్‌లు పెట్టాను. ఐదోది పాప పెట్టించింది, కారిడార్ లైటు దగ్గర రాత్రి కనపడ్డ రెక్కల పురుగులెన్ని అని. పోయిన శనివారం పద్నాలుగు. ఈ ఆదివారం మళ్ళీ మా అంతస్తు వంతు. ట్యాంకు మూతకి కొత్త బోల్టు తేవాలి.