చోటు చేయుటయు, దాచుటయు

ఇంట ధాన్యము నిలువచేయువారికి గాదె నిండుట సంతోషము. కంప్యూటరు గలవారికి డ్రైవు నిండుట సంకటము. ఈ సంకటమును మేము కొన్ని యేండ్లనుభవించి, కొంత నష్టపడి, కొంత నేర్చుకొంటిమి. మన విద్యార్థులలో పలువురి యిండ్లలో నిప్పుడు కంప్యూటరులున్నవి గావున, మా యనుభవము వారికిని, వారి తలిదండ్రులకును పనికివచ్చునను తలంపుతో నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము 2017వ సంవత్సరమున కొనిన కంప్యూటరులో రెండు డ్రైవులుండెను. మొదటిది 120 గిగాబైట్ల సాలిడ్ స్టేట్ డ్రైవు. దానికి 'సి' యని పేరు. రెండవది ఒక టెరాబైటు హార్డు డిస్కు. దానికి 'డి' యని పేరు. 'ఎ', 'బి' యను నక్షరములు పూర్వము ఫ్లాపీ డిస్కులకు కేటాయింపబడినందున లోపలి డ్రైవుల లెక్క 'సి'తో మొదలగుచున్నది. హార్డు డిస్కులో పలకలు నిమిషమునకు 5400 సార్లో, 7200 సార్లో తిరుగుచుండును. చదువు ముల్లు వానిని తాకకయే వానిపై నిటునటు పోవుచుండును. సాలిడ్ స్టేట్ డ్రైవులో కదలు భాగమేదియు లేదు. కావున నది మిక్కిలి వేగము గలది. కాని వెల యెక్కువ. అందుచేతనే చిన్నదైన వేగపు డ్రైవును, పెద్దదైన నెమ్మది డ్రైవును జతచేసి యమ్ముట వాడుకయైనది.

1956లో ఐ.బి.ఎం. వారు వెలువరించిన మొదటి హార్డు డిస్కు యంత్రములో 24 అంగుళముల పలకలు 50 యుండియు, అది సుమారు 50 లక్షల యక్షరములనే పట్టెడిది. ఇప్పటి ఫోనుతో తీసిన రెండు మంచి ఛాయాచిత్రములే యా చోటును నింపగలవు. ఇంత చోటు మన చేతికి వచ్చినను మనకు చాలకపోవుట వింత.

రెండేండ్లు గడచునప్పటికి 'సి' నిండి, దాని గీత యెఱ్ఱబడెను. విండోసు తన క్రొత్త మార్పులను దించుకొనుటకు చోటు లేదని మాటిమాటికి మొఱపెట్టసాగెను. మేము తొందరపడి, ప్రోగ్రాములున్న ఫోల్డరు నొకదానిని యథాతథముగా కత్తిరించి 'డి'లో నతికించితిమి. మఱునాడు వానిలో నొక్కటియు తెరచుకొనలేదు. కారణమును పిమ్మట తెలిసికొంటిమి. ప్రోగ్రామును స్థాపించినపు డది తన యుండుచోటును రిజిస్ట్రీ యను పట్టికలో వ్రాయించుకొనును. ఇల్లు మారినవాడు తపాలా జవానుకు క్రొత్త చిరునామా చెప్పకున్న నుత్తరములు పాత యింటికే పోవునట్లు, విండోసు వానిని పాత చోటనే వెదకుచుండెను. మేము వానిని పద్ధతి ప్రకారము తొలగించి, మరల స్థాపించునపుడు 'డి'ని చూపవలసి వచ్చెను. మైక్రోసాఫ్టు స్టోరునుండి తెచ్చుకొనిన యాప్‌లలో ననేకమునకు మాత్రము, సెట్టింగులలోని యాప్‌ల పట్టికలో 'మూవ్' అను మీట కలదు. దానిని నొక్కిన నవియే సక్రమముగా తరలిపోవును.

ఇంకను కొన్ని సంగతులు తెలిసినవి. తుడిచివేసిన ఫైళ్ళు రీసైకిల్ బిన్నులో నున్నంతవరకు చోటు విడువవు. తాత్కాలిక ఫైళ్ళను డిస్క్ క్లీనప్ మొదలగు వానితో తీసివేసిన కొన్ని గిగాబైట్లు దొరకును. నిత్యము వాడు ప్రోగ్రాములను వేగముగల 'సి'లో నుంచి, ఛాయాచిత్రములు, చలనచిత్రములు, శబ్దములు మొదలగు పెద్దవానిని 'డి'లో నుంచుట మేలు. ఇంతవరకు మా లెక్క సరియే. తప్పు మఱియొకచోట జరిగెను.

2018లో మేము మా మాతామహిగారి చెంత కూర్చుండి, ఆమె చెప్పిన కథలను, పాడిన జోలపాటలను, దంపుడు పాటలను ఫోనులో పదునాలుగు భాగములుగా పట్టితిమి. ఫోనులో చోటు చాలక వానిని 'సి'లోనికి మార్చి, ఫోనులో తుడిచివేసితిమి. 'సి' నిండినపుడు వానిని 'డి'లోనికి తరలించితిమి. ఒక డ్రైవునుండి మఱియొక డ్రైవునకు తరలించునపుడు కంప్యూటరు ముందు నకలు తీసి, పిదప మొదటిదానిని తుడిచివేయును. ఈ విధముగా ప్రతి మార్పునను మాకు మిగిలినది యొక్కటియే. అయినను 'డి' విశాలమైనది గదా యని, క్షేమమైనదని కూడ తలచితిమి. 2020లో ఆమె మమ్ము విడిచిపోయెను.

2022లో 'డి'నుండి టక్కు టక్కు మను శబ్దము వినవచ్చెను. పంకాలో దుమ్ము చేరినదనుకొని వారము దినము లుపేక్షించితిమి. ఎనిమిదవ నాడు 'డి' కనబడలేదు. బాగుచేయు నతని యొద్దకు కొనిపోగా, అతడు పరీక్షించి, "అయ్యా, ముల్లు పలకను గీచినది. గీచినచోట నున్నది యెవ్వరును తేలేరు. దీనికి మఱియొక నకలు లేదా?" యని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఇంటికి వచ్చి యీ వార్తను దూరమున నున్న మా చెల్లెలికి తెలుపగా, ఆమె కొంతసేపు మాటాడక, "అన్నయ్యా, అప్పుడు నేను అడిగితే మూడు పంపావు గదా, అవి నా దగ్గర ఉన్నాయి" అనెను. పదునాలుగింట పదునొకండు పోయి మూడు నిలిచినవి. మేము జాగ్రత్తతో దాచినవి పోయెను. ఆమె ముచ్చటపడి యడిగి పుచ్చుకొనినవి నిలిచెను. ఆ మూడింటిలో నొకదాని చివర, పాట ముగించి మా మాతామహిగారు, "ఒరే అబ్బాయీ, అంతా అందులో కెక్కిందా?" అని యడుగుట వినబడును. "ఎక్కింది, అమ్మమ్మా" అని మేమన్న మాటయు వినబడును. ఆ మాట విన్నపుడెల్ల మాకు సిగ్గు కలుగుచున్నది.

అప్పటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. పోయిన మరల రానిదానికి మూడు ప్రతులుండవలెను. అవి రెండు విధములైన సాధనములలో నుండవలెను. అందొకటి వేరొక యింట నుండవలెను. మా ప్రతులలో నొకటి కంప్యూటరులోను, ఒకటి బయటి డిస్కులోను, ఒకటి చెల్లెలి యింటను గలవు. బయటి డిస్కును పని తీరగానే ఊడదీసి బీరువాలో నుంచెదము. ఏలయన తగిలించియుంచిన దానిని పిడుగుపాటుగాని, వైరస్సుగాని కంప్యూటరుతోపాటే చెఱుపవచ్చును. నెలకొకసారి యొక ఫైలును తెరచి, సరిగా పలుకుచున్నదో లేదో చూచెదము.

విద్యార్థులారా! ప్రోగ్రాము పోయిన మరల తెచ్చుకొనవచ్చును. ఆట పోయిన మరల దించుకొనవచ్చును. మీ పెద్దల కంఠస్వరము ఏ యంగడిలోను దొరకదు. డ్రైవు నిండినపుడు దేనిని తీసివేయుదునా యని చూచుటకు ముందు, దేనికి రెండవ ప్రతి లేదో చూడుడు. చోటు చేయుట యొక పని, దాచుట మఱియొక పని. మొదటిదానిని చేసి రెండవది చేసితిమని భ్రమపడకుడు.