మామ్మ కోసం మళ్లీ సర్దిన ఇల్లు

రెండేళ్ల కిందట మా బరంపురం ఇంట్లో హాలుకి మెరిసే టైల్స్ వేయించాం. మామ్మకి వచ్చిన మతిమరుపు డిమెన్షియా అని డాక్టరు చెప్పి అప్పటికి ఆరు నెలలు. ఆవిడ సుఖంగా తిరుగుతుందనే ఆ ఖర్చు పెట్టాం. తీరా చూస్తే హాల్లోకి రావడమే మానేసింది. "నీళ్లున్నాయి, జారిపోతాను" అనేది. కాళ్లు తుడుచుకునే నల్ల పట్టా దగ్గరైతే గొయ్యిని చూసినట్టు ఆగిపోయేది. మొండితనం అనుకుని కసురుకున్నాం కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కళ్లు బాగానే ఉన్నా, ఈ జబ్బులో చూసినదాన్ని మెదడు సరిగ్గా పోల్చుకోలేదని తర్వాత తెలిసింది. అప్పుడు ఒక్కొక్కటీ మార్చాం. నల్ల పట్టా తీసేశాం. ఎండ పడి నేల మెరవకుండా కిటికీకి పరదా కట్టాం. అద్దంలో ఎవరో ముసలమ్మ ఉందని భయపడుతుంటే దానిమీద పాత చీర కప్పాం. స్టీలు కంచంలో తెల్లన్నం సగం వదిలేసేది. అరిటాకు వేసి పెడితే మెతుకు మిగల్చలేదు. రాత్రిళ్లు మంచం నుంచి పెరటి గుమ్మం దాకా చిన్న దీపాలు వెలుగుతాయి.

అసలు చిక్కు అక్షరాల దగ్గర వచ్చింది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై మా ఊరు అందులో కలిసింది. అప్పట్నుంచి మా ఇంట్లో తెలుగు మాట నిలిచింది గానీ, రాత తరం తరానికీ తగ్గింది. మామ్మ ఇచ్ఛాపురం నుంచి కోడలై వచ్చి, బజారులో ఒడియా గడగడా మాట్లాడిన మనిషి. ఇప్పుడు ముందుగా జారిపోయింది ఆ ఒడియానే. పిల్లలు తలుపుమీద ఒడియాలో, ఇంగ్లీషులో రాసి అంటించిన కాగితాల్ని ఆవిడ చూడనే లేదు. మేం "మరుగుదొడ్డి" అని రాశాం. చదివింది గానీ కదల్లేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరం అన్నాం గనక! చివరికి మా చిన్నది అక్షరాలు కూడబలుక్కుని, పసుపు అట్టమీద నల్లగా, పెద్దగా "దొడి" అని రాసింది. మామ్మ దగ్గరికెళ్లి చదివి, "డకి వత్తేదే గుంటా?" అని నవ్వి, తలుపు తీసుకుని లోపలికెళ్లింది.

సాయంత్రమైతే "మా ఇంటికెళ్లిపోతాను" అంటుంది. ఇదే నీ ఇల్లని వాదిస్తే ఏడ్చేది. ఇప్పుడు వాదించం. "కాఫీ తాగి వెళ్దాం మామ్మా" అని అరుగుమీద కూర్చోబెట్టి, ఇచ్ఛాపురం కబుర్లు అడుగుతాం.

మీ ఇళ్లలో ఇలాంటి పెద్దవాళ్లుంటే, కొత్త వస్తువు కొనేముందు వాళ్లు ఏ మాటల మధ్య పెరిగారో ఒకసారి గుర్తుచేసుకోండి. మా చిన్నది ఇప్పుడు వత్తులు నేర్చుకుంటోంది. వంటింట్లో డబ్బాలకి ఇంకా పేర్లు రాయాలి.